బట్టలో మిగిలిపోయేది

మా పాపకు రెండో ఏడు నడుస్తున్నప్పుడు మా ఇంట్లో ఆరు రకాల డిటర్జెంట్లు ఉండేవి. ఒకటి పక్కింటావిడ చెప్పింది. ఒకటి మందుల షాపులో ఇచ్చింది. రెండింటి మీద నవ్వే పసిపాప బొమ్మ. ఇంకోటి వేపది, ఇంకోటి కుంకుడు రసంతో చేసింది. పది రోజులు వాడడం, తగ్గలేదని పక్కన పెట్టడం, మరొకటి కొనడం. పాప మాత్రం అర్ధరాత్రి లేచి మోకాళ్ల వెనక గోక్కుంటూనే ఉండేది. తెల్లారి దుప్పటి తీస్తే గసగసాలంత రక్తపు మరకలు కనిపించేవి.

“సబ్బు పడ్డం లేదేమోనమ్మా, మార్చి చూడు” అనేవారు మా అత్తయ్య. ఆవిడ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం నాకు అర్థం కావడానికి ఏడాదిన్నర పట్టింది. పిల్ల ఒంటికి తగిలేది ఉతికి ఆరేశాక బట్టలో మిగిలిపోయిన డిటర్జెంటే. ఎంత ఖరీదైనది కొన్నా బట్టలో మిగిలితే బాధే. మామూలుది కొన్నా పూర్తిగా వదిలిపోతే చాలామంది పిల్లలకు ఇబ్బంది రాదు. కొనేటప్పుడూ ఉతికేటప్పుడూ ఈ మాట గుర్తుంటే మీకు నాలాగా ఏడాదిన్నర పట్టదు.

ముందు జబ్బు పేరు

మా పాపది ఎగ్జిమా. మన భాషలో ఎగ్జిమానీ తామర అంటాం, ఫంగస్ వల్ల గుండ్రంగా వచ్చే మచ్చనీ తామర అంటాం. దురద పెట్టేదాన్నల్లా గజ్జి అంటాం. ఈ పేర్ల గందరగోళం పిల్లల ఒంటి మీద పడుతుంది. తామర అని అడిగితే షాపువాడు ఫంగస్ మందు, స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ చేతిలో పెడతాడు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ తిరగబెడుతుంది, చర్మం పలచబడుతుంది. గజ్జి అనుకుంటే ఇంట్లోవాళ్లు మిగతా పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. గజ్జి అంటుకుంటుంది, నిజమే. ఇంట్లో ఇంకొకరికీ దురద ఉండి, వేళ్ల సందుల్లో పొక్కులుంటే దాన్ని అనుమానించాలి. ఎగ్జిమా మాత్రం ఎవరికీ అంటుకోదు. అక్కచెల్లెళ్లను విడిగా పడుకోబెట్టాల్సిన పనే లేదు.

ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మం పుట్టుకతోనే కాస్త కారే చర్మం. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి ఘాటు లోపలికి వెళ్తుంది. పైపొరను గట్టిగా పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కొందరిలో జన్యువు లోపం వల్ల తక్కువగా తయారవుతుంది. ఈ సంబంధాన్ని స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2006లో బయటపెట్టారు. అంటే మీరు గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నందువల్లో, పాపను సరిగ్గా కడగనందువల్లో వచ్చింది కాదు. ఆ మాట ఎవరైనా అంటే వినకండి.

ఆరోగ్యంగా ఉన్న చర్మం కొంచెం ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ సుమారు 5. బట్టలుతికే పౌడరు కలిపిన నీళ్లు క్షారం, పీహెచ్ 10 దాకా ఉంటుంది. ఈ లెక్కలో ఒక్కో అంకెకూ పది రెట్లు తేడా. అందుకే చేత్తో బట్టలుతికే తల్లుల వేళ్లు పగులుతాయి. మిగిలిపోయిన పౌడరు చెమటతో తడిసి పగలంతా పాప నడుముకు ఒరుసుకుంటుంటే ఏం జరుగుతుందో ఆ వేళ్లను చూస్తే అర్థమవుతుంది.

చోటు చూడండి

మేం వెళ్లిన మూడో డాక్టరు మందుల చీటీ ముట్టుకోకముందే పాప గౌను విప్పించి కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. వెలుతురులో ఒళ్లంతా నింపాదిగా చూశారు. మోచేతి మడతలు, మోకాళ్ల వెనక మడతలు చూపించి, “ఇవి ఎగ్జిమా సొంత చోట్లమ్మా, వీటికి సబ్బును తప్పు పట్టకండి” అన్నారు. తర్వాత నడుము చుట్టూ ఎలాస్టిక్ ఒత్తుకున్న చోట ఎర్రటి గీతను వేలితో చూపించి, “ఇది మాత్రం బట్టది” అన్నారు. చివరికి పాప గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పారు. “కుడి బుగ్గ ఎందుకింత ఎక్కువగా ఉంది? ఏ భుజం మీద వేసుకుని జోకొడతారు?”

ఎడమ భుజం మీద. పాప నా మెడవైపు తిరిగి పడుకుంటుంది, కుడి బుగ్గ నా భుజానికి ఆని ఉంటుంది. పాప బట్టలు విడిగా, ఖరీదైన లిక్విడ్‌తో ఉతికేదాన్ని. నా నైటీలు, చీరలు, మామయ్య కండువా, ఊయలకు కట్టే పాత చీర మాత్రం మామూలు పౌడరులో వేసి, పైన మల్లెల వాసన కండిషనర్ పోసేదాన్ని. రోజుకు నాలుగైదు గంటలు పాప చెంప ఆనేది వాటికే.

అప్పటినుంచి నన్ను ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను. పిల్ల కోసం ప్రత్యేక డిటర్జెంటు కొని ఇంటికంతటికీ వేరేది వాడితే లాభం లేదు. దుప్పటి, దిండు గలీబు, తువ్వాలు, అమ్మ చీర, అమ్మమ్మ చీర, ఊయల గుడ్డ, బొంత, అన్నీ ఒకే దానితో, ఒకే తీరుగా ఉతకండి. ఖరీదైనది అన్నిటికీ సరిపోదనుకుంటే కాస్త చవకైన వాసన లేనిది ఇంటికంతటికీ వాడడం మేలు.

చోటు చూసే పద్ధతి పాతదే. పూర్వం మన చాకళ్లు బట్టలు కలిసిపోకుండా నల్లజీడి రసంతో గుర్తులు పెట్టేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశానికొచ్చిన అమెరికన్ సైనికులకు సరిగ్గా ఆ గుర్తు తగిలే చోట పొక్కులొచ్చాయి. వాళ్ల డాక్టర్లు 1943లో దాని గురించి వైద్య పత్రికలో రాశారు. సబ్బును అనుమానిస్తే ఎన్నటికీ దొరకని కారణం, మచ్చ ఎక్కడుందో చూస్తే దొరికింది. మీరూ ఒక కాగితం మీద మీ బిడ్డ బొమ్మ గీసి, ఎర్రబడిన చోట్లు గుర్తు పెట్టండి. బట్ట బిగుతుగా తగిలే నడుము, చంకల అంచులు, మెడ చుట్టూ, వీపు మీద ఉంటే బట్టనూ అందులో మిగిలిందాన్నీ అనుమానించండి. బట్ట తగలని చోట్లే ఎక్కువగా ఉంటే డిటర్జెంటు మార్చినా పెద్దగా ఒరిగేది లేదు.

ఇంకో సంగతి. డిటర్జెంటుకు నిజమైన అలర్జీ చాలా అరుదు. ఉత్తర అమెరికాలో చర్మ వైద్యులు 738 మందికి ప్యాచ్ టెస్ట్ చేసి 2002లో ఫలితాలు చెప్పారు. డిటర్జెంటు పడనివాళ్లు అందులో నూటికి ఒక్కరు కూడా లేరు. ఎక్కువమంది పిల్లలకు జరిగేది అలర్జీ కాదు, మంట పుట్టించే ఒరిపిడి. అలర్జీ అయితే ఆ పదార్థం ఒక్క చుక్క తగిలినా ఊరుకోదు, మానేయాల్సిందే. ఒరిపిడి అయితే పాళ్లు తగ్గించి బాగా జాడిస్తే సర్దుకుంటుంది. ఏదో తేలకపోతే చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించండి. వీపు మీద చిన్న చిన్న అతుకులు అంటించి, 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. నొప్పి ఉండదు.

కొనేటప్పుడు

మొదట తీసేయాల్సింది వాసన. అలర్జీ తెచ్చే పదార్థాల్లో సువాసనలది ఎప్పుడూ ముందు వరసే. పైగా బట్ట ఆరాక కూడా వాసన రావాలని వాటిని గుడ్డకు పట్టి ఉండేలా చేస్తారు. ఆరిన చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుంటే పూలవాసన వస్తోందంటే ఆ పూలవాసన పిల్ల ఒంటి మీద కూడా ఉన్నట్టే. పసిపిల్లలవని అమ్మే వాటిలోనూ చాలావాటికి ఘాటైన వాసన ఉంటుంది. మూత తీసి చూసి కొనండి.

డబ్బా మీది మాటల్లో తేడా గమనించండి. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అంటే సువాసన కలపలేదని. ‘అన్‌సెంటెడ్’ అంటే వాసన తెలియదని మాత్రమే. రసాయనాల వాసనను కప్పడానికి అందులో మరో సువాసన కలిపి ఉండొచ్చు. మొదటి మాట ఉన్నదే తీసుకోండి. ‘హైపోఅలర్జెనిక్’ అన్న మాటను చూసి మోసపోకండి. ఆ మాట వాడడానికి తమ దేశంలో ఏ ప్రమాణమూ లేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్వయంగా చెప్పింది. ‘డెర్మటాలజికల్లీ టెస్టెడ్’ అన్నదీ అంతే. పరీక్షించారని ఉంటుంది తప్ప ఎంతమంది మీదో, ఏం తేలిందో ఉండదు. మన దగ్గర చాలా పాకెట్ల మీద లోపలేముందో పూర్తి జాబితా కూడా కనిపించదు. జాబితా వేసిన కంపెనీది దొరికితే, మిగతావన్నీ సమానమైనప్పుడు, నేను దానికే ఓటేస్తాను.

సబ్బు బిళ్లా, పౌడరా, లిక్విడా? ఎగ్జిమా ఉన్న ఇంట్లో బిళ్ల వద్దంటాను. బట్టల బిళ్లల్లో సున్నపురాయి పొడి, తెల్లమట్టి లాంటివి కలుపుతారు. కాలరు మీద పెట్టి రుద్దినప్పుడు అవి నేతలోకి దిగుతాయి, రెండు బకెట్ల నీళ్లకు వదలవు. నల్ల ప్యాంటు ఆరాక తెల్లటి చారలు కనిపిస్తాయే, అవే. పాత బార్ సబ్బుదీ ఇదే ఇబ్బంది, బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టె కట్టి గుడ్డను పట్టుకుంటుంది. పౌడరు మరకలకు మంచిదే కానీ చల్లటి, ఉప్పటి నీళ్లలో పూర్తిగా కరగదు. లిక్విడ్ తేలిగ్గా కరిగి తేలిగ్గా వదులుతుంది. మా ఇంట్లో చివరికి నిలిచింది అదే.

లిక్విడ్‌కు ఒక లోపం ఉంది. అది చెడిపోకుండా ప్రిజర్వేటివ్ కలపాలి. మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ వల్ల అలర్జీలు బాగా పెరగడంతో అమెరికా చర్మ వైద్యుల సంఘం ఒకటి 2013లో దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. బట్టను బాగా జాడిస్తే మిగిలేది స్వల్పం. అదే పదార్థం ఉన్న తడి వైప్స్‌తో పిల్లల మూతి, పిర్రలు తుడిస్తే మాత్రం అది చర్మం మీదే ఉండిపోతుంది. కాబట్టి లిక్విడ్ కంటే ముందు వైప్స్ జాబితా చదవండి. ప్యాచ్ టెస్ట్‌లో దీనికి అలర్జీ అని తేలితే లిక్విడ్ మానేసి, సువాసన లేని పౌడరుకు మారండి. పొడిగా ఉండేదానికి ఈ ప్రిజర్వేటివ్ అవసరం ఉండదు.

ఎంజైమ్‌లంటే చాలామంది భయపడతారు. అంత భయం అక్కర్లేదు. ఎగ్జిమా ఉన్నవాళ్లకు ఎంజైమ్ పౌడరుతో ఉతికిన బట్టలు వేసి చూసిన పరీక్షలో జబ్బు పెరగలేదు. పాల మరక, చెమట, గోకిన చోట రక్తం తక్కువ డిటర్జెంటుతో పోవాలంటే ఎంజైమ్ సాయం చేస్తుంది. తెల్లగా మెరిపించే పదార్థాలు మాత్రం మురికిని వదిలించవు, గుడ్డ మీద ఉండిపోవడానికే తయారైనవి. వాటివల్ల చర్మం దెబ్బతిన్న సందర్భాలు తక్కువే. అయినా పిల్ల బట్ట మెరవనవసరం లేదు, శుభ్రంగా ఉంటే చాలు.

కుంకుడుకాయల గురించి అడుగుతారు. నాకూ వాటి మీద ప్రేమే, మా అమ్మ తలంటిన నురగ ఇంకా గుర్తుంది. కానీ ఆ నురగ ఇచ్చే సాపోనిన్ కూడా నూనెను లాగేసేదే. కంట్లో పడితే ఎంత మండుతుందో మనందరికీ తెలుసు. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మెత్తనిది అనుకోవద్దు. వాడాలనుకుంటే మిగతావాటిలాగే కొద్దిగా వాడి, బాగా జాడించండి.

అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలో ఈ వెతుకులాట కాస్త తేలిక. సువాసన, రంగు లేని లిక్విడ్‌లు అక్కడ మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి. అయితే అవి వాడి, డ్రయ్యర్‌లో సువాసన షీటు వేస్తే అంతా మొదటికొస్తుంది.

సీసా పరీక్ష

మూత గట్టిగా ఉన్న పెద్ద సీసా ఒకటి తీసుకోండి. సగం దాకా గోరువెచ్చటి నీళ్లు పోయండి. ఉతికి ఆరేసి మడతపెట్టిన దిండు గలీబు అందులో ముంచి, మూత బిగించి ఒక నిమిషం గట్టిగా ఊపండి. గలీబు పిండి తీసేసి, నీళ్లను వెలుతురుకు పట్టి చూడండి. పక్కన ఉత్త నీళ్లు అలాగే ఊపిన సీసా పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు వేలు మందాన నురగ నిలిచింది. నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. అది ఖరీదైన బేబీ లిక్విడ్‌తో ఉతికిన గలీబు. మెత్తనిది కదా అని రెండు మూతలు పోసేదాన్ని. రెండు మూతల మందు మా మెషిన్ వాడే కాసిని నీళ్లకు ఎలా వదులుతుంది?

ఆ రోజు నుంచి సగం మూత. డబ్బా మీద రాసేది మెషిన్ నిండా మాసిన బట్టలకు. పిల్లల బట్టలకు మట్టి కంటే చెమట, పాలే ఎక్కువ. బకెట్లో ఉతికేవాళ్లకు ఒక టేబుల్ స్పూను చాలు. నురగ రాలేదని ఇంకాస్త పోయకండి, మురికి వదలడానికి నురగ కొలత కాదు. ఫ్రంట్ లోడ్ మెషిన్ తక్కువ నీళ్లతో పని ముగిస్తుంది కాబట్టి ‘ఎక్స్‌ట్రా రిన్స్’ మీట తప్పక నొక్కండి. మెషిన్‌ను కుక్కి నింపకండి, బట్టలు దొర్లడానికి చోటుండాలి. సెమీ ఆటోమేటిక్ ఉన్నవాళ్లు పిల్ల బట్టలు మొదటి నీళ్లలోనే వేయాలి. అదే సబ్బునీళ్లలో మూడో విడతగా వేస్తే మిగిలేది ఎక్కువ. చేత్తో జాడిస్తే మూడు సార్లు, ప్రతిసారీ కొత్త నీళ్లు, మధ్యలో గట్టిగా పిండాలి. పిండకుండా ముంచి తీస్తే పాత నీళ్లే బట్టతో పాటు కొత్త బకెట్లోకి వస్తాయి. మా అపార్ట్‌మెంట్లో బోరు నీళ్లతో ఉతికి, చివరి జాడింపు కుళాయికొచ్చే మంజీరా నది నీళ్లతో చేస్తాం.

జాడించిన బట్టకు మళ్లీ ఏదీ చేర్చకండి. కండిషనర్ పని గుడ్డ మీద పొరలా నిలవడమే, అందుకే మానేయాలి. నీలం, గంజి పిల్లల బట్టలకు అక్కర్లేదు. క్రిములు పోతాయని ఆఖరి బకెట్లో యాంటీసెప్టిక్ పోసే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది. పొడిబారి పగిలిన చర్మానికి అది మంట తప్ప మేలు చేయదు. ఎండలో ఆరేస్తే చాలు. ఇక బీరువాలో కలరా ఉండలు వేసి దాచిన పసిబట్టల విషయంలో నిజంగా జాగ్రత్త పడాలి. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్న పసికందులకు ఆ నాఫ్తలీన్ తగిలితే రక్తకణాలు చితికిపోతాయి, తీవ్రమైన కామెర్లు వస్తాయి. అక్కబట్టలు చెల్లికి దాచాలంటే ఉండలు లేకుండా దాచండి.

కొత్త బట్టలు పండగ రోజు పొద్దున సంచిలోంచి తీసి తొడగకండి. మిల్లులో పెట్టిన గంజి, ముడతల మందు, వదులు రంగు పోయేలా ఒకసారి, వీలైతే రెండుసార్లు ఉతకండి. మెడ దగ్గర లేబుల్ కత్తిరించండి. పట్టు పరికిణీ వేయాలని ఇంట్లో అందరికీ ముచ్చటే, లోపల మెత్తటి నూలు లంగా, బనీను వేసి తొడిగి, ఫొటోలయ్యాక విప్పేయండి.

ఏది పనిచేసిందో తెలియాలంటే

నేను చేసిన అతి పెద్ద తప్పు ఒకేసారి నాలుగు మార్చడం. డిటర్జెంటు, స్నానం సబ్బు, పాలు, క్రీమ్ ఒకే వారం మార్చాను. కొంచెం తగ్గింది. దేనివల్లో తెలియలేదు, నాలుగూ మోశాం. ఎగ్జిమా దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, అందుకే వాడే ప్రతిదీ కొన్నాళ్లు పనిచేసినట్టే అనిపిస్తుంది. ఒక్కటే మార్చండి. ఇంట్లో గుడ్డలన్నీ కొత్త పద్ధతిలో రెండుసార్లు ఉతికి, నాలుగు వారాలు ఆగండి. రాత్రి ఎన్నిసార్లు లేచిందో క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోండి. ఆ నాలుగు వారాలూ డాక్టరు చెప్పిన మందు, మాయిశ్చరైజర్ ఆపకూడదు.

డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాలి. ఉప్పునీళ్లే కారణమని వేలు పోసి వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది. ఇంగ్లండ్‌లో 336 మంది ఎగ్జిమా పిల్లల మీద 12 వారాలు దీన్ని పరీక్షించి 2011లో ఫలితం చెప్పారు. సాఫ్ట్‌నర్ పెట్టిన ఇళ్లలో పిల్లలకు ఎగ్జిమా అదనంగా తగ్గలేదు. ప్రత్యేకంగా నేసిన పట్టు లోదుస్తులనూ 300 మంది పిల్లలకు వేసి చూశారు, 2017లో వచ్చిన ఆ ఫలితమూ ఇంతే. ఆ డబ్బుతో సువాసన లేని చిక్కటి మాయిశ్చరైజర్ పెద్ద డబ్బాలు కొనండి. స్నానం కాగానే, ఒళ్లు అద్ది తుడిచి, తడి ఆరకముందే చేతి నిండా తీసుకుని రాయండి. సున్నిపిండితో నలుగు పెట్టి రుద్దడం ఈ పిల్లలకు వద్దు. చర్మం రసి కారుతున్నా, తేనెరంగు పక్కు కడుతున్నా, జ్వరంతో పాటు చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచినా డిటర్జెంటు గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మా పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. జనవరి చలికి మోకాళ్ల వెనక ఇప్పటికీ ఎర్రబడుతుంది, రెండు వారాల మందుతో తగ్గుతుంది. నడుము చుట్టూ గీత మళ్లీ రాలేదు, కుడి బుగ్గ ఎడమ బుగ్గలాగే ఉంది. ఇంట్లో డిటర్జెంటు ఒక్కటే రకం. మీరు కొత్త డబ్బా కొనే ముందు, ఈ రాత్రే, ఇంట్లో ఉన్న దిండు గలీబు ఒకటి సీసాలో వేసి ఊపి చూడండి.